పారిశ్రామిక ఉష్ణ విద్యుదీకరణ, అధిక ఉష్ణోగ్రత హీట్ పంపులు

కర్మాగారాల్లో బొగ్గు, ఫర్నెస్ ఆయిల్, సహజవాయువు మండించి పుట్టించే వేడికి బదులు విద్యుత్తుతో వేడి సమకూర్చుకోవడాన్ని పారిశ్రామిక ఉష్ణ విద్యుదీకరణ అంటారు. ఇది రెండు విధాలు. మొదటిది విద్యుత్తునే వేడిగా మార్చడం: ఎలక్ట్రోడ్ బాయిలర్, ఆర్క్ ఫర్నెస్, ఇండక్షన్ ఫర్నెస్ ఈ కోవకు చెందుతాయి. రెండోది, ఇప్పటికే ఉన్న తక్కువ ఉష్ణోగ్రత వేడిని విద్యుత్తు సాయంతో పనికొచ్చే ఉష్ణోగ్రతకు పెంచడం. ఈ పని చేసే యంత్రమే హీట్ పంపు. 100 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడి అందించే పంపులను అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆధ్వర్యంలోని హీట్ పంపు సహకార కార్యక్రమం అధిక ఉష్ణోగ్రత హీట్ పంపులుగా వర్గీకరించింది. ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనివి. యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట.

పరిశ్రమల్లో ఉష్ణ అవసరం

అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం పరిశ్రమలు వాడే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు వేడి కోసమే ఖర్చవుతుంది. ప్రపంచ మొత్తం శక్తి వినియోగంలో ఇది సుమారు ఐదో వంతు. పరిశ్రమ అనగానే మోటార్లు, యంత్రాలు తలపుకొస్తాయి గానీ ఇంధనంలో సింహభాగం మింగేది బాయిలరు, కొలిమి.

అయితే వేడి అంతా ఒకే తీరుది కాదు. పాలను శుద్ధి చేయడానికి 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచితే చాలు. పాలిస్టర్ బట్టకు అద్దకం 130 డిగ్రీల దగ్గర జరుగుతుంది. మందుల తయారీలో ఆటోక్లేవ్ 121 డిగ్రీల ఆవిరితో పనిచేస్తుంది. కాగితం మిల్లులో తడి కాగితాన్ని ఆరబెట్టే సిలిండర్లకు తక్కువ పీడనపు ఆవిరి కావాలి. ఇటుక కాలడానికి 900 నుంచి 1,000 డిగ్రీలు, సిమెంటు క్లింకర్‌కు 1,450 డిగ్రీలు అవసరం.

నేటి హీట్ పంపులకు అందేది మొదటి నాలుగే. అలాగని ఆ భాగం చిన్నదేమీ కాదు. ఆహారం, కాగితం, రసాయనాలు అనే మూడు రంగాల ఉష్ణ అవసరంలో సుమారు 30 శాతాన్ని హీట్ పంపులు తీర్చగలవనీ, ఐరోపాలోనే ఈ మూడు రంగాల 3,000 కర్మాగారాల్లో 15 గిగావాట్ల పంపులు పెట్టవచ్చనీ అదే సంస్థ 2022లో అంచనా వేసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 75 డిగ్రీలు చాలే పనికి కూడా చాలా కర్మాగారాల్లో 170 డిగ్రీల ఆవిరినే పంపుతారు. ఒకే బాయిలరు పెట్టి, ఎక్కువ వేడి అవసరమైన విభాగాన్ని బట్టి పీడనం నిర్ణయించి, మిగతా విభాగాలకూ అదే గొట్టం నుంచి ఆవిరి తీయడం దీనికి కారణం. బొగ్గు చౌకగా దొరికిన కాలంలో ఆ ఏర్పాటుకు అభ్యంతరం కనిపించలేదు. హీట్ పంపు విషయంలో మాత్రం అక్కరలేని ప్రతి డిగ్రీకీ అదనపు కరెంటు ఖర్చవుతుంది.

చరిత్ర

హీట్ పంపు పుట్టింది ఇళ్ళ కోసం కాదు, కర్మాగారం కోసమే. ఉష్ణయంత్రాన్ని తిరగేసి నడిపితే భవనాలను వెచ్చబరచవచ్చని 1852లో విలియం థామ్సన్ సూచించాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందింది ఆయనే. ఆ దశాబ్దం మధ్యలోనే ఆస్ట్రియాలోని ఎబెన్‌జే ఉప్పు కర్మాగారంలో పీటర్ ఫాన్ రిట్టింగర్ ఒక ప్రయోగం చేశాడు. ఉప్పునీరు మరిగినప్పుడు వచ్చే ఆవిరిని వదిలేయకుండా కంప్రెసర్‌తో ఒత్తి, వేడి పెంచి, మళ్ళీ అదే ఉప్పునీటిని మరిగించడానికి వాడాడు. సూత్రం నెగ్గింది గానీ, ఉప్పు గట్టిపడి పేరుకోవడంతో యంత్రాన్ని ఆగకుండా నడపడం కష్టమైంది. 1877లో స్విట్జర్లాండ్‌లోని బే పట్టణపు ఉప్పు కర్మాగారంలో ఆంత్వాన్ పాల్ పికార్ ఇదే పద్ధతిని సక్రమంగా పనిచేయించాడు.

మూసిన వలయంలో శీతలద్రవం తిరిగే హీట్ పంపులు ఆ తర్వాత వచ్చాయి. 1938లో జ్యూరిక్ నగర పాలక భవనాన్ని లిమ్మాట్ నది నీటి నుంచి తీసిన వేడితో వెచ్చబరచిన పంపు వాటిలో ప్రసిద్ధమైనది. 1970ల చమురు సంక్షోభం పరిశ్రమల దృష్టిని మళ్ళీ ఇటు తిప్పింది. జపాన్ ప్రభుత్వం 1984లో సూపర్ హీట్ పంపు పేరుతో పరిశోధన ప్రాజెక్టు చేపట్టింది. చమురు ధర పడిపోగానే ఆసక్తి సన్నగిల్లింది. పైగా, అధిక ఉష్ణోగ్రత పంపుల్లో వాడుతున్న ఆర్-114 వంటి క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరకు హాని చేస్తాయని తేలి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద వాటిని తొలగించాల్సి వచ్చింది. సరైన ప్రత్యామ్నాయం లేక ఈ రంగం చాలా ఏళ్ళు వెనకబడింది. 2011లో జపాన్‌కు చెందిన కోబే స్టీల్ 120 డిగ్రీలు, 165 డిగ్రీల ఆవిరినిచ్చే రెండు నమూనాలను మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో కర్బన ఉద్గారాల తగ్గింపు లక్ష్యాలు ఈ రంగానికి ఊపిరి పోశాయి.

నేరుగా విద్యుత్తును వేడిగా మార్చే పద్ధతులదీ పాత చరిత్రే. విలియం సీమెన్స్ 1878లో ఆర్క్ ఫర్నెస్ నమూనా చూపాడు. 1886లో చార్లెస్ మార్టిన్ హాల్, పాల్ ఎరూ వేర్వేరుగా కనుగొన్న విద్యుద్విశ్లేషణ పద్ధతితోనే ఈనాటికీ అల్యూమినియం తయారవుతోంది.

పనిచేసే తీరు

ఇంట్లో ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక జాలీ గుండా బయటికి వదులుతుంది. పారిశ్రామిక హీట్ పంపూ అదే పని చేస్తుంది. వదిలేసే ఆ వేడినే సరుకుగా వాడుకుంటారు. ఎవాపరేటర్‌లో శీతలద్రవం కర్మాగారపు వ్యర్థ వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని ఒత్తినప్పుడు దాని పీడనం, ఉష్ణోగ్రత పెరుగుతాయి. కండెన్సర్‌లో అది తిరిగి ద్రవంగా మారుతూ తన గుప్తోష్ణాన్ని నీటికో గాలికో ఇస్తుంది. వ్యాకోచ వాల్వు దాటాక పీడనం తగ్గి మళ్ళీ మొదటికి చేరుతుంది.

ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి వచ్చిందో చెప్పే సంఖ్యను పనితీరు గుణకం అంటారు. దీని గరిష్ఠ హద్దును ఉష్ణగతిక శాస్త్రం నిర్ణయిస్తుంది: అందించే ఉష్ణోగ్రతను కెల్విన్లలో తీసుకుని, రెండు ఉష్ణోగ్రతల తేడాతో భాగించాలి. 60 డిగ్రీల వ్యర్థ జలం నుంచి వేడి తీసి 120 డిగ్రీల వద్ద ఇవ్వాలంటే 393ను 60తో భాగిస్తే సుమారు 6.5 వస్తుంది. నిజమైన యంత్రాలు ఇందులో దాదాపు సగం సాధిస్తాయి, అంటే 3.3. అదే 120 డిగ్రీల వేడిని 30 డిగ్రీల గాలి నుంచి తీయబోతే గుణకం 2.2కు పడిపోతుంది. కాబట్టి హీట్ పంపు విలువ యంత్రం నాణ్యత కంటే అది పెట్టే చోటుపై ఎక్కువ ఆధారపడుతుంది. ఎంత వెచ్చటి వ్యర్థ వేడి దొరుకుతుంది, ఎంత తక్కువ ఉష్ణోగ్రతతో పని జరుగుతుంది అన్నవే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు క్రమపద్ధతిలో జవాబు వెతికే విధానం పించ్ విశ్లేషణ. 1970లలో బోడో లిన్‌హోఫ్ దీన్ని అభివృద్ధి చేశాడు. కర్మాగారంలో వేడెక్కవలసిన ప్రవాహాలను, చల్లబడవలసిన ప్రవాహాలను ఒకే పటం మీదికి తెచ్చి, ఏ ఉష్ణోగ్రతకు పైన వేడి లోటు ఉందో, ఏ ఉష్ణోగ్రతకు దిగువన మిగులు ఉందో ఇది చూపుతుంది. హీట్ పంపు దిగువన తీసి ఎగువన ఇవ్వాలి. ఎగువనే తీసి ఎగువనే ఇస్తే ఆదా ఏమీ ఉండదు.

రకాలు

మూసిన వలయపు ఆవిరి సంపీడన పంపు అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉంది. ఇందులో కీలకం శీతలద్రవం ఎంపిక. ద్రవపు సందిగ్ధ ఉష్ణోగ్రత దాటితే మామూలు పద్ధతిలో సాంద్రీకరణ సాధ్యం కాదు. అమ్మోనియాకు ఆ హద్దు 132 డిగ్రీలు, బ్యూటేన్‌కు 152, పెంటేన్‌కు 197, నీటికి 374. అమ్మోనియా విషవాయువు, బ్యూటేన్, పెంటేన్ మండుతాయి. మండని గుణం, అధిక సందిగ్ధ ఉష్ణోగ్రత కలిసివచ్చిన ఆర్-1336ఎంజెడ్‌జెడ్(జెడ్), ఆర్-1233జెడ్‌డి(ఇ) వంటి హైడ్రోఫ్లోరో ఓలిఫిన్, హైడ్రోక్లోరోఫ్లోరో ఓలిఫిన్ తరగతుల ద్రవాలు ఇటీవలి పంపుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఫ్లోరిన్ సమ్మేళనాలు ప్రకృతిలో దీర్ఘకాలం మిగిలిపోతాయన్న ఆందోళనతో 2023లో జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే ఐరోపా స్థాయిలో విస్తృత నియంత్రణ ప్రతిపాదించాయి. అందుకే చాలామంది తయారీదారులు నీరు, అమ్మోనియా, హైడ్రోకార్బన్ల వైపు చూస్తున్నారు.

యాంత్రిక ఆవిరి పునఃసంపీడనం రిట్టింగర్ పద్ధతికి నేటి రూపం. ద్రావణం నుంచి వచ్చిన ఆవిరినే ఒత్తి తిరిగి వేడికి వాడతారు. ఒక టన్ను నీటిని ఆవిరి చేయడానికి గుప్తోష్ణంగానే సుమారు 627 యూనిట్ల వేడి కావాలి. ఈ పద్ధతిలో ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలే పెంచాలి కాబట్టి సాధారణంగా 15 నుంచి 40 యూనిట్ల కరెంటుతో ఆ పని జరిగిపోతుంది. పాలపొడి, పంచదార, డిస్టిలరీ, వ్యర్థజల శుద్ధి రంగాల్లో ఇది బాగా స్థిరపడింది. అందుబాటులో ఉన్న పద్ధతుల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

శోషణ పంపులు లిథియం బ్రోమైడ్, నీటి జంటతో పనిచేస్తాయి. ఇవి ప్రధానంగా కరెంటుతో కాక వేడితోనే నడుస్తాయి. హీలియం వాడే స్టిర్లింగ్ పంపులు, వాయువును ద్రవంగా మార్చకుండానే నడిచే బ్రేటన్ చక్ర పంపులు 200 డిగ్రీల చుట్టుపక్కలకూ అంతకు పైకీ వెళ్ళడానికి ఉద్దేశించినవి. రెండో తరహాపై జర్మనీలోని కోట్‌బుస్‌లో జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ నమూనా యంత్రంతో పరిశోధిస్తోంది.

హీట్ పంపు అందుకోలేని వేడి

ఉక్కు, గాజు, సిమెంటు, ఎరువుల వేడికి నేరుగా విద్యుత్తును వాడే పద్ధతులు వేరుగా ఉన్నాయి. తుక్కు ఇనుమును ఆర్క్ ఫర్నెస్‌లో కరిగించి ఉక్కు తీయడం వందేళ్ళుగా ఉన్నదే. ముడి ఖనిజం నుంచి తీయాలంటే కథ వేరు. అక్కడ బొగ్గు వేడితో పాటు ఆక్సిజన్‌ను తొలగించే రసాయన పని కూడా చేస్తుంది. స్వీడన్‌లో ఎస్‌ఎస్‌ఏబీ, ఎల్‌కేఏబీ, వాటెన్‌ఫాల్ కలిసి చేపట్టిన హైబ్రిట్ పథకం ఆ పనికి హైడ్రోజన్ వాడుతోంది, 2021లో అలా తయారైన ఉక్కును వోల్వోకు అందించింది (చూ. హరిత హైడ్రోజన్). సిమెంటులో ఉద్గారాల్లో సగానికి మించి సున్నపురాయి విచ్ఛిన్నం నుంచే వస్తాయి కాబట్టి కొలిమిని విద్యుదీకరించినా అవి పోవు.

పెట్రోరసాయనాల్లో ముఖ్యమైన మలుపు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్‌ఎఫ్, సాబిక్, లిండే సంస్థలు సుమారు 850 డిగ్రీల వద్ద విద్యుత్తుతో నడిచే స్టీమ్ క్రాకర్ ప్రదర్శన కొలిములను ప్రారంభించాయి. వాటి సామర్థ్యం 6 మెగావాట్లు.

కరెంటు చౌకగా ఉన్న గంటల్లో ఇటుకల దొంతరను ఎర్రగా కాల్చి, ఆ వేడిని రోజంతా వాడుకునే ఉష్ణ నిల్వ పద్ధతి మరొకటి. అమెరికాలో రోండో సంస్థ 2023లో కాలిఫోర్నియాలోని ఒక ఇథనాల్ కర్మాగారంలో దీన్ని నెలకొల్పింది. పగటి ఎండతో కరెంటు మిగిలే ప్రాంతాలకు ఇది సరిపోయే పద్ధతి.

దేశాల అనుభవం

ఆస్ట్రియాలో ఐరోపా సమాఖ్య నిధులతో సాగిన డ్రైఫిషెన్సీ ప్రాజెక్టు రెండు నిజమైన కర్మాగారాల్లో పంపులు పెట్టి చూసింది: ఉటెన్‌డార్ఫ్‌లోని వీనర్‌బెర్గర్ ఇటుకల కర్మాగారం, పిషెల్స్‌డార్ఫ్‌లోని అగ్రానా పిండిపదార్థాల కర్మాగారం. 160 డిగ్రీల వరకు వేడి ఇవ్వగలమని అవి చూపాయి. రెండు చోట్లా ఆరబెట్టే పనికే వాడారు. ఇటుకలను కాల్చడానికి కాదు.

జర్మనీ ప్రభుత్వం బీఏఎస్‌ఎఫ్ లుడ్విగ్స్‌హాఫెన్ కర్మాగారంలో హీట్ పంపుకు 2024లో 31 కోట్ల యూరోల వరకు సాయం మంజూరు చేసింది. ఫార్మిక్ ఆమ్ల ఉత్పత్తికి ఏటా 5 లక్షల టన్నుల ఆవిరి ఇచ్చేలా, సుమారు 50 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యంతో దీన్ని రూపొందించారు. ఏడాదికి లక్ష టన్నుల వరకు కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని అంచనా. 2027లో ప్రారంభించాలన్నది లక్ష్యం. సాయం పద్ధతి కూడా గమనించదగ్గది. యంత్రం కొనుగోలుకు మాత్రమే కాక, పాత ఇంధనానికీ కొత్త విధానానికీ ఖర్చులో ఉన్న తేడాను దీర్ఘకాల ఒప్పందం ద్వారా ప్రభుత్వం భరిస్తుంది. నార్వేలో జలవిద్యుత్తు సమృద్ధిగా ఉండడంతో డెయిరీల్లోనూ చేపల కర్మాగారాల్లోనూ ఈ యంత్రాలకు త్వరగా చోటు దొరికింది.

ఉద్గారాల లెక్క

విద్యుదీకరించినంత మాత్రాన ఉద్గారాలు తగ్గవు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల్లో ఇటీవలి సంవత్సరాల్లో భారత గ్రిడ్ సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. బొగ్గు మండితే ఒక యూనిట్ వేడికి సుమారు 0.34 కిలోలు, బాయిలరు సామర్థ్యం 78 శాతం అనుకుంటే ఆవిరి రూపంలో అందే యూనిట్‌కు 0.44 కిలోలు. సహజవాయువుకు ఈ లెక్క 0.23 దగ్గర తేలుతుంది.

దీన్నిబట్టి, నేటి గ్రిడ్ మీద ఎలక్ట్రోడ్ బాయిలరు నడిపితే బొగ్గు బాయిలరు కంటే ఎక్కువ ఉద్గారాలు వెలువడతాయి. పనితీరు గుణకం 1.6 దాటిన హీట్ పంపు బొగ్గు కంటే తక్కువ ఉద్గారాలు వదులుతుంది. గుణకం 3 ఉంటే వాయువుతో సమానమవుతుంది. సౌర, పవన విద్యుత్తు నేరుగా కొనుక్కుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. భారతదేశంలో హీట్ పంపుకు మామూలు విద్యుత్ బాయిలరు కంటే ముందు స్థానం ఇవ్వాలనడానికి ఇదే బలమైన కారణం.

ఖర్చు విషయంలోనూ ఇలాంటి గీత ఒకటి ఉంది. ఉదాహరణకు కరెంటు యూనిట్ ఏడు రూపాయలు, బొగ్గు బాయిలరు వేడి యూనిట్‌కు రెండు రూపాయలు పడుతుంటే, నడిపే ఖర్చు సమానం కావడానికే గుణకం 3.5 కావాలి. ఫర్నెస్ ఆయిల్, ఎల్‌పీజీ వాడే చోట్ల ఇంధనం ఖరీదు కాబట్టి ఆ గీత బాగా కిందికి దిగుతుంది. పరిశ్రమలు తొలుత మారవలసింది అక్కడే.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. 2022 నాటి హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు 100 కిలోవాట్లు వాడే వినియోగదారుకు సైతం సౌర, పవన విద్యుత్తును నేరుగా కొనే వీలు కల్పించాయి. 2023లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని నోటిఫై చేశారు. అదే ఏడాది సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర గంటల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలని చెప్పాయి. పగలు వేడి పుట్టించి నిల్వ చేసుకునే పద్ధతులకు ఈ చివరి నిబంధన అనుకూలం.

విశాఖ ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నెస్ పద్ధతిది. హీట్ పంపుకు అక్కడ ప్రధాన పాత్ర లేదు. చిన్న ఉక్కు యూనిట్లలో ఇండక్షన్ ఫర్నెస్‌లు విస్తృతంగా ఉన్నా, వాటిలో వేసే స్పాంజ్ ఐరన్ దేశంలో ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతోంది. రాజమహేంద్రవరం, సారపాక, కాగజ్‌నగర్ కాగితం మిల్లుల్లో ఆరబెట్టే విభాగం నుంచి వెళ్ళే తడి వేడిగాలి హీట్ పంపుకు మంచి వనరు. పటాన్‌చెరు ప్రాంతంలో వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలకూడదన్న షరతు పాటించే మందుల కంపెనీలకు ఎవాపరేటర్లే ఆవిరిని ఎక్కువగా తాగే విభాగాల్లో ఒకటి. అక్కడ ఆవిరి పునఃసంపీడనం సరిగ్గా అతుకుతుంది. గోదావరి జిల్లాల రొయ్యల ప్లాంట్లలో అమ్మోనియా శీతలీకరణ యంత్రాలు లాగిన వేడి కూలింగ్ టవర్ల మీదుగా గాలిలో కలిసిపోతోంది. బియ్యం మిల్లుల సంగతి వేరు: ఉప్పుడు బియ్యానికి కావలసిన ఆవిరి ఊక మండించగా వస్తుంది కనుక అక్కడ తగ్గించడానికి బొగ్గు వాడకం లేదు.

చల్లదనం, వేడి రెండూ ఒకేచోట కావలసిన డెయిరీ అన్నిటికంటే అనువైనది. 30 డిగ్రీల దగ్గర వచ్చిన లక్ష లీటర్ల పాలను 4 డిగ్రీలకు చల్లబరచాలంటే సుమారు 2,900 యూనిట్ల వేడిని బయటికి తీయాలి. చిల్లర్ కంప్రెసర్ అందుకు 800 యూనిట్ల కరెంటు తీసుకుంటే, కండెన్సర్ దగ్గర 3,700 యూనిట్ల వేడి 35 డిగ్రీల వద్ద పోగవుతుంది. దాన్ని వదిలేయకుండా రెండో దశ పంపుతో 85 డిగ్రీలకు పెంచితే, గుణకం 3.5 అనుకున్నా, మరో 1,500 యూనిట్ల కరెంటుతో 5,200 యూనిట్ల వేడినీరు చేతికొస్తుంది. క్యాన్లు, ట్యాంకులు, గొట్టాలు కడగడానికీ పాల శుద్ధికీ ఆ నీరు పనికొస్తుంది. పాలపొడి చేసే స్ప్రే డ్రయర్‌కు మాత్రం 180 డిగ్రీలు, అంతకు పైన గాలి కావాలి కాబట్టి బాయిలరును పూర్తిగా ఆపడం కుదరదు.

పరిమితులు

బాయిలరుతో పోలిస్తే అదే సామర్థ్యపు పంపు కొనుగోలు ధర చాలా ఎక్కువ. 150 డిగ్రీలు దాటిన చోట కందెన నూనె చెడిపోవడం, సీళ్ళు తట్టుకోలేకపోవడం ఇంకా సమస్యలే. వ్యర్థ వేడి వెలువడే సమయం, వేడి అవసరమయ్యే సమయం కలవకపోతే నడుమ నిల్వ ట్యాంకు పెట్టాలి. కర్మాగారానికి అదనపు విద్యుత్ లోడు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావలసి రావచ్చు. గంటసేపు కరెంటు పోతే బ్యాచ్ మొత్తం పాడైపోయే పరిశ్రమలు పాత బాయిలరును అత్యవసరానికి అట్టే పెట్టుకోక తప్పదు.

సరిగ్గా చూసుకుంటే బాయిలరు పాతికేళ్ళు పనిచేస్తుంది. ఈ దశాబ్దంలో కొన్నది 2050 దాకా బొగ్గు అడుగుతూనే ఉంటుంది. కనుక బాయిలరు మార్చే సమయం వచ్చిన కర్మాగారాలు టెండరు పిలిచే ముందే తమ వేడి అవసరాలను, పారబోస్తున్న వేడిని ఉష్ణోగ్రతల వారీగా కొలిపించుకోవాలి.